మగ్గం గుంటలో విమానం

మా ఇంట్లో నేసేటప్పుడు కాళ్ళు దింపుకునే మగ్గం గుంటలు మూడు ఉన్నాయి. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది, మూడోది తాతయ్యది. తాతయ్య పోయాక ఆ గుంట మీద చెక్కలు పరిచి బియ్యం బస్తాలు పెట్టుకున్నాం. హైమక్క హైదరాబాదు నుంచి వచ్చిన రెండో రోజే ఆ బస్తాలు పక్కకు లాగించి, "విమానం ఇక్కడ పెడతా" అంది.

"గుంటలోనా?" అన్నాడు నాన్న. "విమానం అంటే పైకి పోయేదనుకున్నానే."

"పైకి పోవాలన్నా కాళ్ళు ముందు ఎక్కడో ఒకచోట పెట్టాలిగా నాన్నా."

అక్క ఏడాదిగా కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఒక ప్రయోగశాలలో పనిచేస్తోంది. కానీ ఆమె ధ్యాసంతా విమానాల మీదే. హాస్టల్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇటుకలకు స్ప్రింగులు కట్టి కాళ్ళ కింద పెట్టుకుని, నాలుగేళ్ళుగా ఆటలో విమానం నడుపుతూనే ఉంది. ఇప్పుడు ఒక శిక్షణ సంస్థ మా జిల్లా నుంచి ఒక్క అమ్మాయిని ఎంపిక చేసి నిజం విమానం నేర్పుతానంది. దానికి పరీక్ష ఉంది. నేల మీదే ఉండి అచ్చం విమానంలా ఊగే యంత్రంలో గంటసేపు నడిపి చూపించాలి. పరీక్షకు ఇంకా పన్నెండు రోజులు. విమానం ఒరిగినప్పుడు, గాలికి కొట్టుకుపోతున్నప్పుడు వీపుకీ తొడలకీ ఎలా తెలుస్తుందో అక్క ఒంటికి అలవాటు కాలేదు. అందుకే ఈ కుర్చీ.

చీరాలలో పాత కార్లు విప్పే షెడ్డు నుంచి ముందు సీటు ఒకటి తెచ్చింది. నాన్న పాత మగ్గం దూలం కోసి దానికి అడుగు చేశాడు. అక్క గుంటలోకి దిగి తాతయ్య తొక్కిన చెక్కలు రెండూ చూసి చప్పట్లు కొట్టింది. ఆ చెక్కలకు గిలక మీదుగా తాడు ఉంటుంది. ఒకటి కిందికి తొక్కితే రెండోది పైకి వస్తుంది. విమానం చుక్కానికి కూడా కాళ్ళ దగ్గర ఇలాగే ఉంటుందట. కుడికాలు తొక్కితే ముక్కు కుడికి, ఎడమకాలు తొక్కితే ఎడమకి.

"అయితే విమానం కనిపెట్టింది మనవాళ్ళేనన్నమాట" అన్నాడు నాన్న.

"నువ్వు ఆ మేకు సరిగ్గా కొట్టవయ్యా ముందు" అంది అమ్మ.

సీటు మీద పరిచే గుడ్డే ఈ కుర్చీకి ప్రాణం. దాన్ని అమ్మ నేసింది. ప్రయోగశాలలో మిగిలిపోయిందని పారేయబోయిన బూడిదరంగు దారం అక్క సంచిలో పెట్టుకొచ్చింది. దానికి ఏదో నంబరు ఉంది కానీ మేము నరం దారం అనేవాళ్ళం. అందులో రెండు రకాలు. ఒక రకం ఒంట్లో కండ కదిలితే పసిగడుతుంది. దాన్ని వినే పోగు అంది అక్క. రెండో రకం కరెంటు తగిలితే బిగిసి, వదులై, ఒంటిని నొక్కుతుంది. అది చెప్పే పోగు. ఉన్న దారానికి అయిదు చారలు వచ్చాయి. ఒక్కో చారలో సగం వినేది, సగం చెప్పేది. రెండూ కలిసే చోట అక్క కత్తెరతో పోగులు కత్తిరించి వెంట్రుకంత సందు పెట్టింది. తర్వాత వైర్లు కొనడానికి చీరాల వెళ్ళింది.

అమ్మ మగ్గం దిగి ఆ గుడ్డను వెలుతురులో పెట్టి చూసింది.

"అయ్యో, ఎన్ని పోగులు తెగాయో చూడవే భావనా! తొందరలో చూసుకోలేదు పిచ్చిది."

వేలికి కాస్త బూడిద అద్దుకుని ఒక్కో కొసనీ దాని ఎదుటి కొసతో కలిపి మెలిపెట్టడం మొదలుపెట్టింది. మా ఇళ్ళల్లో తెగిన పోగును చూసి ఎవరూ లేచి వెళ్ళిపోరు. అన్నం తింటున్నా చెయ్యి కడుక్కుని వచ్చి అతుకుతారు. నూలు కండెలు చుడుతున్న నేను చెయ్యి ఆపాను. అక్క సందు కావాలనే పెట్టిందని నాకు తెలుసు.

"అమ్మా, అక్క ఏమో..." అన్నాను.

"ఊఁ. కొంచెం బూడిద తే."

తెచ్చి ఇచ్చాను. అంతకు మించి నా నోరు పెగలలేదు. అక్క వచ్చాక చెబుదామనుకున్నాను. అక్క వచ్చేసరికి ఇంట్లో బంధువులున్నారు. వాళ్ళు వెళ్ళాక నేను చెప్పవలసిన మాట చిన్నదైపోయినట్టు అనిపించింది. నలభై అతుకులు. ఒక్కటి కూడా కంటికి కనబడలేదు. అమ్మ అతుకు అలా ఉంటుంది.

అమావాస్య వచ్చింది. ఆ రోజు మాకు మగ్గాలు ఆడవు. వీధి మొత్తం చప్పుడు లేకుండా ఉంటుంది. అక్క పాత టీవీని గుంట ముందు నిలబెట్టి, కంప్యూటర్ తగిలించి, నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, ఏం జరిగిందో రాయడం నా పని. నోరు తెరిచి చెప్పాలంటేనే గానీ, రాయడమంటే నాకు భయం లేదు.

"నేసిన చెయ్యి నీది. ముందు నువ్వే కూర్చో అమ్మా" అంది అక్క.

అమ్మ చీర కొంగు దోపుకుని గుంటలోకి కాళ్ళు దింపింది. టీవీలో విమానం గన్నవరం నుంచి లేచింది. అమ్మ కాళ్ళు మగ్గం మీద ఆడినట్టే ఆడాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. విమానం మగ్గంలో పోగు మోసే నాడెలా అటూ ఇటూ కొట్టుకుంటూ కృష్ణ దాటింది. నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏమేవ్, ఆకాశానికి అంచు నేస్తున్నావా?"

"నువ్వు మాట్లాడకుండా ఉంటే సముద్రం దాకా నేస్తా."

గంట తర్వాత లేచి, "కాళ్ళు తేలిగ్గా ఉన్నాయే, దూదిలాగా" అంది. గుడ్డ మీద మొదటి చార నల్లబడింది. కరెంటు వేడికి అయి ఉంటుందని అక్క అనుకుంది.

తర్వాత అక్క కూర్చుంది. విమానం ఎడమకు ఒరగ్గానే సీటు ఎడమ తొడ కింద బిగిసింది. అక్క కళ్ళు పెద్దవయ్యాయి. "వింటోందే! నేను కదలకముందే వింటోంది!" అని అరిచింది. ఆ గంటలో అంత సంతోషంగా ఉన్న అక్కను నేనెప్పుడూ చూడలేదు. చివరి పది నిమిషాలు మాత్రం విమానం ముక్కు ఊగిందని పుస్తకంలో రాశాను. "అలసిపోయా" అంది అక్క. రెండో చార నల్లబడింది.

భోజనాలయ్యాక అమ్మ గిన్నెలు బోర్లించి వచ్చి గుంట దగ్గర నిలబడింది.

"ఇంకోసారి కూర్చోనా?"

కూర్చుంది. మొదట్లో ఏమీ తెలియనట్టు కాళ్ళు ఊరికే పెట్టుకుంది. పావుగంట గడిచాక కుడికాలు మెల్లగా కిందికి నొక్కి, నొక్కినచోటే ఉంచింది. పక్కగాలి కొడుతున్నా విమానం గీత గీసినట్టు పోయింది. గంట చివర అమ్మ దాన్ని గన్నవరంలో దించింది. చక్రాలు నేలను తాకినట్టు టీవీలో అంకె మారితేనే తెలిసింది.

నాన్న నోరు తెరిచి మూయలేదు. "మా ఆవిడ పైలట్" అని వీధిలోకి వెళ్ళి ఇద్దరికి చెప్పొచ్చాడు. అక్క అమ్మను ముద్దుపెట్టుకుంది. మూడో చార నల్లబడిందని నేను రాసుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ తన మగ్గం ఎక్కింది. కుడికాలు తొక్కి, నాడె విసిరి, పోగును బిగించే పలక లాగి కొట్టింది. మళ్ళీ కుడికాలే తొక్కింది. రెండు పోగులు ఒకే సందులో పడ్డాయి. అమ్మ నవ్వి, విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రెండు కాళ్ళూ ఒకేసారి లేచాయి. మూడోసారి ఏ కాలు తొక్కాలో తెలియక కిందికి వంగి పాదాల వైపు చూసింది. ముప్పై ఏళ్ళుగా నేస్తున్న అమ్మ గుంటలోకి వంగి చూడడం నేను ఎరగను.

"ఏమైంది?" అన్నాడు నాన్న తన మగ్గం ఆపి.

"కాళ్ళు... ఎవరివో ఉన్నట్టున్నాయయ్యా."

అదే సమయానికి తాతయ్య గుంటలో అక్క మూడుసార్లు విమానం కూల్చేసింది. సీటుకు కరెంటు పెట్టకుండా వట్టి చెక్కల మీదే ప్రయత్నిస్తోంది. ముక్కు నిలపలేకపోతోంది. ఆమె కాళ్ళు మారి మారి తొక్కుతున్నాయి. పొద్దున ఇడ్లీ తినేటప్పుడు కూడా చాప మీద ఆమె పాదాలు అలాగే ఆడడం నేను చూశాను.

నాన్న కాసేపు ఇద్దరినీ చూశాడు. "హైమా, లేచి అమ్మ మగ్గం మీద కూర్చో" అన్నాడు.

"నాకు రాదుగా నాన్నా."

"కూర్చో తల్లీ."

అక్క చేతులు తడబడ్డాయి. నాడె రెండుసార్లు కింద పడింది. కానీ కాళ్ళు తడబడలేదు. చేతులు కాస్త కుదురుకున్నాక చప్పుడు మొదలైంది. అది అమ్మ మగ్గం చప్పుడు. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడు పక్కనే నిద్రపోయాను, చదువుకున్నాను. ప్రతి నాలుగో దెబ్బకు ఎడమకాలు రవ్వంత ఆలస్యం అవుతుంది. అది కూడా వచ్చింది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

నేను లోపలికి వెళ్ళి సీటు గుడ్డ తెచ్చి, తిరగేసి, అతుకులున్న చోటు అక్క వేలితో తడిమించాను.

"ఎవరు కలిపారు ఇవి?"

"నేనేనే" అంది అమ్మ. "తెగి ఉన్నాయి కదా."

"నేను చూశాను" అన్నాను. "నీకు చెప్పలేదు."

అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ప్రయోగశాలలో పెద్దావిడ రోహిణి గారికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. జరిగిందంతా విని ఆవిడ చెప్పింది.

"ఆ రెండు పోగులూ కలవకూడదమ్మా. విడిగా ఉంటే ఒకటి వింటుంది, ఒకటి చెబుతుంది. కలిస్తే కూర్చున్న మనిషికి వచ్చిన పని లాగేసుకుంటుంది. ముందు కూర్చున్నవాళ్ళ పని ఇచ్చేస్తుంది. మా దగ్గర ఒక పెద్దాయన మళ్ళీ నడక నేర్చుకున్న రోజే ఇంకొకాయన నడక మరిచిపోయాడు. అందుకే ఆ దారం తయారీ ఆపేశాం. ఒక్క మూర కూడా లేదు. ఎన్ని చారలు మిగిలాయి?"

"రెండు."

"ఒక్కో చార ఒక్క గంటకే పనికొస్తుంది. ఇద్దరికీ ఎవరిది వాళ్ళకు చేరాలంటే మూడు గంటలు కావాలి."

అక్క నా పుస్తకం తీసుకుని వెనక పేజీలో గీతలు గీసింది. అమ్మకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. ముందు కూర్చునేవాళ్ళు తమ కాళ్ళలో ఉన్నది గుడ్డలో వదిలి ఖాళీగా లేస్తారు. రెండో మనిషి అది తీసుకుని తన కాళ్ళలో ఉన్నది వదులుతుంది. అప్పటికి గుడ్డ చచ్చిపోతుంది. అమ్మ ముందు కూర్చుంటే అక్కకు విమానం తిరిగొస్తుంది, అమ్మ నేత పోతుంది. అక్క ముందు కూర్చుంటే అమ్మకు నేత తిరిగొస్తుంది, అక్క విమానం పోతుంది. రెండోసారి కూర్చోవడానికి ఎవరికీ చార ఉండదు. పరీక్షకు ఇంకా మూడు రోజులే.

"నేను ముందు కూర్చుంటా" అన్నారు ఇద్దరూ.

"నీకేం పిచ్చా అమ్మా? ముప్పై ఏళ్ళ పని!"

"ముప్పై ఏళ్ళు చేశాగా. చాలదా?"

"నేను వచ్చే ఏడు మళ్ళీ రాస్తా."

"వచ్చే ఏడు పెడతారని రాసిచ్చారా నీకు? అయినా నేత నేర్పేవాళ్ళు వీధి నిండా ఉన్నారే. విమానం నేర్పేవాళ్ళు ఎవరున్నారు ఈ వీధిలో, నేను తప్ప?"

నవ్వొచ్చింది. ఎవరమూ నవ్వలేదు. నాన్న కండెల బుట్ట అటునుంచి ఇటు పెట్టాడు.

చివరికి అక్క కరెంటు వైరు ఊడదీసి తన సంచిలో పెట్టుకుంది. "పొద్దున చీరాల వెళ్ళి కొత్త ఫ్యూజు తెస్తా. మధ్యలో ఆగిపోతే ఉన్నదీ పోద్ది. వచ్చాక నేనే ముందు కూర్చుంటా. ఇక దీని మీద మాటల్లేవు."

"సరేలే" అంది అమ్మ.

అమ్మ ఎప్పుడూ అంత తొందరగా సరే అనదు. అక్కకు అది తట్టలేదు. నాకు తట్టింది.

పొద్దున తొమ్మిదింటి బస్సుకు అక్క వెళ్ళింది. నాన్న నూలు కోసం సొసైటీకి వెళ్ళాడు. అమ్మ నా దగ్గరకు వచ్చి చెయ్యి చాపింది.

"వైరు ఎక్కడుందో నీకు తెలుసు."

తెలుసు. అక్క సంచి మార్చుకుని వెళ్ళింది, పాత సంచి పెట్టె మీదే ఉంది. నేను కదల్లేదు.

"ఉన్న ఫ్యూజు బాగానే ఉందా?" అంది అమ్మ.

"అమావాస్య నాడు బాగానే ఉంది." కాసేపటికి అడిగాను, "నీకు భయం లేదా అమ్మా?"

"ఉంది. అందుకే నిన్ను పక్కన ఉండమంటున్నా." నా తల మీద చెయ్యి పెట్టింది. "చూడు, నేను పోగులు అతక్కపోతే నాకు విమానం వచ్చేది కాదు. తెలియక చేశా, కానీ ఒక రోజంతా నా కాళ్ళు ఆకాశంలో ఉన్నాయి. అది నా దగ్గర దాచుకోవడానికి వచ్చింది కాదే. దానిది."

వైరు తెచ్చి తగిలించాను. నాలుగో చార మెరిసింది.

అమ్మ గన్నవరం నుంచి విమానం లేపి దక్షిణానికి తిప్పింది. కాళ్ళు కదిలినట్టు కూడా తెలియడం లేదు. బాపట్ల మీదుగా ఒడ్డు వెంబడి వచ్చింది.

"మన ఇల్లు ఏదే?"

"ఇందులో ఇళ్ళు వెయ్యలేదమ్మా. పొలాలు, సముద్రం, అంతే."

"పోనీ ఆ చెరుకు తోట పక్కన అనుకుందాం." కొంచెం కిందికి దించి ఆ పచ్చటి చోటు చుట్టూ ఒక చుట్టు తిప్పింది. "మీ నాన్న బయట లుంగీ ఆరేస్తున్నాడు చూడు" అంది. టీవీలో ఏమీ లేదు. నేను చూశానన్నాను.

ముప్పావు గంటకే వెనక్కు తిప్పింది. "ఒంట్లో ఉన్నప్పుడే దించేస్తా. సగంలో పోతే పాపం అందులో జనం ఉంటారు కదా" అంది. దించింది. విమానం ఆగిపోయింది. ఇంకా పదిహేను నిమిషాలుంది. అమ్మ చెక్కల మీద పాదాలు ఆనించి అలాగే కూర్చుంది. నేను గట్టు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎడమకాలు పోయిందే" అంది కాసేపటికి. జ్వరం తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత, "కుడిది ఇంకా ఉంది. ఇంకా ఉంది..." చార నల్లబడింది.

అక్క ఫ్యూజు పట్టుకుని వచ్చేసరికి పదకొండయింది. గుడ్డ చూసింది. అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. చేతుల్లో ఏ మార్పూ లేదు, ముక్కలన్నీ ఒకటే మందం.

"అమ్మా!"

"అరవబాకే. వెళ్ళి కూర్చో. ఇప్పుడు కూర్చోకపోతే ఇద్దరిదీ పోద్ది."

అక్క నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొద్దటే? నాకు ఒక్క ఫోన్ చెయ్యొద్దా?"

"చెప్పగలను అక్కా" అన్నాను. "చెప్పకూడదనుకున్నా."

మొన్న చెప్పకపోవడానికీ ఇవాళ చెప్పకపోవడానికీ తేడా ఏమిటో అక్కకు అర్థమైందో లేదో తెలియదు. నన్ను కొట్టడానికన్నట్టు వచ్చి, మెడ చుట్టూ చేతులేసి గట్టిగా పట్టుకుంది. తర్వాత గుంటలోకి దిగింది. మొదటి అరగంట టీవీ కనబడనంతగా ఏడ్చింది. విమానం మాత్రం ఎక్కడా ఊగలేదు. అయిదో చార కూడా నల్లబడ్డాక అమ్మ ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని మడతపెట్టింది.

"అయితే నేను ఇందులో ఉన్నానన్నమాట" అంది. అక్క ఆ మడతను అమ్మ చేతుల్లోంచి తీసుకుని, ట్రంకు పెట్టెలో పట్టుచీరల మధ్య పెట్టింది.

అక్కా నాన్నా పరీక్షకు వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరం మిగిలాం. అమ్మ పొద్దున్నే స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి, కొత్తగా వచ్చిన పిల్లలా గుంట గట్టు మీద కూర్చుంది.

"చెప్పవే" అంది.

"నాకు నేత రాదుగా."

"చప్పుడు వచ్చుగా నీకు."

నిజమే. కళ్ళు మూసుకున్నాను. "కుడి" అన్నాను. "నాడె. కొట్టు. ఎడమ. నాడె. కొట్టు."

"గట్టిగా చెప్పు, వీధిలోకి వినపడినా పరవాలేదు."

గట్టిగా చెప్పాను. అమ్మ రెండుసార్లు కుడికాలే తొక్కింది. విప్పింది. మళ్ళీ తొక్కింది. మధ్యాహ్నానికి నా గొంతు పోయింది, అమ్మ పిక్కలు పట్టేశాయి. పక్కింటి అంకమ్మత్త తొంగి చూసి, "ఏంది శేషారత్నం, మగ్గం కొత్తగా నేర్చుకుంటున్నావా?" అని ఎగతాళి చేసింది.

"అవునే, మొన్నటిదాకా విమానం నడిపాగా, మరిచిపోయా" అంది అమ్మ.

అత్త నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం కాసేపు చెయ్యి ఆపి, ఎటో చూసి, మళ్ళీ "కుడేనా?" అంది. "ఎడమ" అన్నాను.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది. అమ్మ మగ్గం దిగకుండానే నన్ను చెవి దగ్గర పెట్టమంది.

"అమ్మా, తీసుకున్నారు! ఇరవై మందిలో నన్నే!" అంది అక్క. "పక్కగాలిలో దించమన్నారు. అమ్మా, నేను ఎప్పుడు దించినా దబ్బుమని పడేది, నీకు తెలుసుగా. ఇవాళ నేల తగిలింది కూడా తెలియలేదే. అది నాది కాదమ్మా. నువ్వు దించినట్టు దిగింది."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఫోన్లో అక్క పక్కన నాన్న ఎవరికో మిఠాయి ఇస్తున్న గోల వినబడుతోంది.

"నువ్వెట్టా ఉన్నావు?" అంది అక్క.

అమ్మ పలక మీదికి వంగి నేసినంత మేర చేత్తో కొలిచింది. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా. మధ్యలో మూడు చోట్ల పోగులు జంటగా పడి గీతల్లా కనిపిస్తున్నాయి. అంచు ఒకవైపు లోపలికి లాక్కుపోయింది.

"నేనా? జానెడు నేశానే ఇవాళ."

అవతల అక్క ఒక్కసారిగా ఏడ్చేసింది.

"ఏడుస్తావేందే?" అంది అమ్మ. "జానెడంటే తక్కువనుకున్నావా?"